చిన్న కుక్కతో వైజాగ్ టూర్: ఎండలో ఏ గ్యాడ్జెట్ పనిచేస్తుంది, ఏది చేతులెత్తేస్తుంది?

ఎండాకాలం సెలవులు వస్తే చాలు, కుక్కల్ని పెంచుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నలు తిరుగుతుంటాయి. "బీచ్ దగ్గర కుక్కని రానిచ్చే రిసార్ట్ ఏది?" అనేది ఒకటి. "మా చిన్నోడికి ఏ ట్రాకర్ కొనాలి?" అనేది రెండోది. ఆన్‌లైన్ స్టోర్‌లో వెతికితే కూలింగ్ మ్యాట్, కూలింగ్ జాకెట్, స్మార్ట్ కాలర్, పెట్ కెమెరా అంటూ పేజీలకు పేజీలు కనిపిస్తాయి. ప్రతిదాని కింద నాలుగున్నర స్టార్లు ఉంటాయి. వీటిలో చాలావాటిని ఎక్కడో చల్లటి దేశాల వాతావరణానికి తయారు చేశారు. మే నెలలో మన తీరంలో అవి ఎలా పనిచేస్తాయో ఆ రివ్యూలు చెప్పవు.

అందుకే ఈ ఆర్టికల్‌లో ఒక మామూలు టూర్‌ని తీసుకుందాం. హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి కారులో సుమారు 620 కిలోమీటర్లు. వెనక సీట్లో నాలుగైదు కిలోల షిట్జూ, పగ్ లేదా పొమెరేనియన్. అక్కడ మూడు రోజుల బస. ఈ టూర్‌లో ఒక్కో గ్యాడ్జెట్‌కి ఉండే అసలు పని ఏంటి, ఎక్కడ ఆగిపోతుంది, దాని బదులు ఏం చేయాలి అనేది చూద్దాం. ముందే ఒక మాట. ఏ గ్యాడ్జెట్ అయినా మనకి సమాచారం ఇస్తుందే తప్ప కుక్కని కాపాడదు. పైగా ఆ సమాచారం అత్యవసరమైన సమయంలోనే ఆగిపోయే అవకాశం చాలా ఉంది. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

హైదరాబాద్ 40 కంటే వైజాగ్ 34 ఎందుకు ప్రమాదం?

మనకి వేడి చేస్తే ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకి చెమట గ్రంథులు ముఖ్యంగా అరికాళ్లలోనే ఉంటాయి, వాటితో ఒళ్లు చల్లబడేది చాలా తక్కువ. దాని అసలు కూలింగ్ సిస్టమ్ రొప్పడం. నాలుక మీద, నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరవుతూ వేడిని బయటికి తీసుకెళ్తుంది. మన ఇంట్లో ఎయిర్ కూలర్ పనిచేసే సూత్రం కూడా ఇదే.

ఇప్పుడు ఎయిర్ కూలర్ గురించి మీకు తెలిసిన విషయమే గుర్తు చేసుకోండి. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో కూలర్ పెడితే గది హాయిగా ఉంటుంది. అదే కూలర్ వైజాగ్‌లోనో, మచిలీపట్నంలోనో పెడితే గదంతా జిగటగా తయారవుతుంది, చల్లదనం మాత్రం రాదు. గాలిలో అప్పటికే తేమ నిండిపోయి ఉంటే కొత్తగా నీళ్లు ఆవిరి కావు. కుక్క నాలుకకీ అదే కష్టం.

దీన్ని లెక్కలో చూపించే కొలత ఒకటుంది. దాన్ని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ గాలి తగిలినప్పుడు ఎంత వరకు చల్లబడుతుందో అదే వెట్ బల్బ్. ఆవిరి ద్వారా ఏదైనా తడి వస్తువు అంతకంటే చల్లబడదు. హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం వెట్ బల్బ్ దాదాపు 23 డిగ్రీలు. వైజాగ్‌లో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అది దాదాపు 30. ఫోన్ వెదర్ యాప్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె ఆరు డిగ్రీలు తగ్గింది, కుక్క ఒంటికి లెక్కయ్యే అంకె ఏడు డిగ్రీలు పెరిగింది. "అక్కడ ఎండ తక్కువేలే" అనుకుని బయల్దేరేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

అలాగని హైదరాబాద్ 40 డిగ్రీల్లో తిప్పొచ్చని కాదు. కుక్క మామూలు శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది. బయటి గాలి అంతకంటే వేడిగా ఉంటే ఒంటికి పైనుంచి వేడి ఎక్కుతూనే ఉంటుంది. మన వాతావరణ శాఖ కూడా ఈ తేడాని లెక్కలోకి తీసుకుంటుంది. మైదాన ప్రాంతాల్లో వడగాలులు ప్రకటించడానికి కనీసం 40 డిగ్రీలు ఉండాలి. తీరంలో మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే 37 దగ్గరే ప్రకటిస్తారు.

మీ కుక్క ముక్కు ఎంత పొడవుంది?

2003లో హచ్ యాడ్‌లో పిల్లాడి వెనకాలే తిరిగిన పగ్‌ని చూసి మన దేశంలో ఎన్నో ఇళ్లు ఆ జాతి కుక్కని తెచ్చుకున్నాయి. ముద్దుగా కనిపించే ఆ చప్పిడి ముఖమే దానికి శాపం. ముక్కు రంధ్రాలు సన్నగా, నోటి లోపలి దారి ఇరుకుగా ఉండటం వల్ల రొప్పినా గాలి సరిగ్గా ఆడదు. కూలింగ్ ఫ్యాన్ చిన్నదైన గేమింగ్ ల్యాప్‌టాప్ లాంటి పరిస్థితి అన్నమాట. బ్రిటన్‌లోని వెటర్నరీ రికార్డుల ఆధారంగా 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం లాబ్రడార్‌తో పోలిస్తే పగ్‌కి వేడి సంబంధిత జబ్బు వచ్చే అవకాశం మూడు రెట్ల పైనే. షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పెకినీస్ కూడా ఈ చప్పిడి ముక్కు బ్యాచే.

పొమెరేనియన్‌కి ముక్కు ఫర్వాలేదు గానీ బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. ఎండాకాలమని గుండు గీయించేస్తుంటారు కొందరు. అలా చర్మం దాకా గీయిస్తే ఎండ నేరుగా తగులుతుంది, బొచ్చు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు. బాగా దువ్వి, రాలిపోయే లోపలి బొచ్చు తీసేస్తే చాలు. లావుగా ఉన్న కుక్క, ముసలి కుక్క, గుండె జబ్బున్న కుక్క అయితే మే నెల టూర్‌కి ముందు డాక్టర్‌ని అడగండి. ఆయన వద్దంటే ఇంట్లోనో బంధువుల దగ్గరో వదిలి వెళ్లడమే దానికి మంచిది.

మొదట కొనాల్సింది: చిన్న తేమ మీటర్

ధర వందల్లోనే ఉంటుంది. గదిలో ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే డిజిటల్ మీటర్ ఇది. ఈ మొత్తం లిస్టులో డబ్బుకి తగ్గ విలువ ఇచ్చేది ఇదే. వెదర్ యాప్ మీకు ఊరి మొత్తానికి ఒక అంకె చెప్తుంది, అది చాలాసార్లు ఎయిర్‌పోర్ట్ దగ్గరిది. మీ కారు వెనక సీటు, మీ గది బాల్కనీ, కుక్క పడుకున్న మూల ఎలా ఉన్నాయో చెప్పేది ఈ మీటరే.

రెండు అంకెలు చూసి ఆన్‌లైన్ వెట్ బల్బ్ కాలిక్యులేటర్‌లో కొడితే సెకన్లలో తెలిసిపోతుంది. నేను పెట్టుకున్న గీతలు ఇవి. వెటర్నరీ ప్రమాణం అనుకోకండి, కాస్త అతిజాగ్రత్తగా పెట్టుకున్న లెక్క మాత్రమే:

- వెట్ బల్బ్ 24 లోపు, గాలి ఉష్ణోగ్రత 32 లోపు: మామూలు నడక, నీళ్లు వెంట ఉండాలి.
- వెట్ బల్బ్ 24 నుంచి 27: పది, పదిహేను నిమిషాలు, నెమ్మదిగా, నీడలో. బంతి ఆటలు వద్దు.
- 27 దాటితే, లేదా గాలి ఉష్ణోగ్రత 32 దాటితే: అవసరం తీర్చుకోవడానికి బయటికి, వెంటనే లోపలికి.

ఇక్కడ ఒక ఆశ్చర్యం ఉంది. వైజాగ్‌లో పొద్దున్నే 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్నప్పుడు కూడా వెట్ బల్బ్ దాదాపు 26. అంటే సూర్యుడు రాకముందే రెండో గీతలో ఉన్నాం. "పొద్దున్నే చల్లగా ఉంటుంది, ఆర్కే బీచ్‌లో బాగా పరిగెత్తిద్దాం" అనే ప్లాన్ ఈ మీటర్ చూశాక మారిపోతుంది. పైన చెప్పిన బ్రిటన్ పరిశోధకులే చేసిన ఇంకో లెక్కలో, వేడి సంబంధిత కేసుల్లో నూటికి 74 వ్యాయామం, ఆటల వల్ల వచ్చినవే. కారులో చిక్కుకున్నవి ఐదు శాతం దగ్గర. అది చల్లటి దేశం లెక్కే అయినా విషయం స్పష్టం. కుక్క తనంతట తాను ఆట ఆపదు, మీరే ఆపాలి.

కారు ప్రయాణం: 65, 16 నంబర్ హైవేల మీద పన్నెండు గంటలు

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే సూర్యాపేట టిఫిన్ టైమ్‌కి ఎండ ఇంకా ముదరదు. విజయవాడ దాటి 16వ నంబర్ హైవే ఎక్కేసరికి అసలు వేడి మొదలవుతుంది. ఏలూరు, రాజమండ్రి మీదుగా అన్నవరం చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ప్రమాదమంతా అక్కడుంది. "ప్రసాదం తీసుకుని పది నిమిషాల్లో వచ్చేద్దాం, అద్దాలు కొంచెం దించి ఉంచితే సరిపోద్ది" అని ఎవరో ఒకరు అంటారు.

సరిపోదు. 2005లో పీడియాట్రిక్స్ జర్నల్‌లో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఎండలో ఆపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కొద్దిగా దించినా పెద్ద తేడా రాలేదు. ఆ లెక్కన బయట 34 ఉంటే అరగంటలో కారు లోపల 50 దాటినట్టే. ఒక పోలిక చెప్తాను. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని యాపిల్ చెప్తుంది. అది దాటి వేడెక్కితే స్క్రీన్ మీద వార్నింగ్ వేసి, తనంతట తాను పనులు తగ్గించుకుని కాపాడుకుంటుంది. డాష్‌బోర్డ్ మీద ఫోన్ వదలడానికి మనసొప్పని మనం, ఆ వార్నింగ్ కూడా ఇవ్వలేని ప్రాణిని సీట్లో వదిలేస్తే ఎలా?

"మా కారులో రిమోట్ ఏసీ ఉంది కదా" అంటారేమో. టెస్లా 2019లో డాగ్ మోడ్ తెచ్చింది. కారు ఆపినా ఏసీ నడుస్తుంది, లోపలి ఉష్ణోగ్రత పెద్ద స్క్రీన్ మీద కనిపిస్తుంది. కుక్క కోసమే తయారు చేసిన ఫీచర్ అది. మన పెట్రోల్, డీజిల్ కార్లలో రిమోట్ స్టార్ట్ అలాంటిది కాదు. చాలావాటిలో కొన్ని నిమిషాల తర్వాత ఇంజిన్ దానంతట అదే ఆగిపోతుంది. కారు ఎక్కేముందు సీట్లు చల్లబరచడానికి పెట్టిన సదుపాయం అది. కాబట్టి రూల్ ఒక్కటే. కుక్క కారులో ఉంటే ఒక మనిషి కూడా కారులో ఉండాలి, ఇంజిన్, ఏసీ రెండూ నడుస్తూ ఉండాలి. బాబాయ్ వెళ్లొచ్చాక పిన్ని వెళ్తుంది, దర్శనం రెండు బ్యాచ్‌లుగా.

ఇంకో రెండు చిన్న విషయాలు. వెనక సీటుకి ముందు ఏసీ గాలి సరిగ్గా చేరదు, మీటర్ వెనకే పెట్టి చూడండి. పవర్ విండో లాక్ వేసి ఉంచండి, కుక్క కాలు స్విచ్ మీద పడితే అద్దం కదులుతుంది.

రైల్లో వెళ్దామనుకుంటే, మొత్తం కూపే లేదా క్యాబిన్ బుక్ చేసుకున్న ఫస్ట్ ఏసీలోనే కుక్కని వెంట ఉంచుకోవచ్చు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో కుదరదు. మిగతా దారి గార్డు దగ్గరి బ్రేక్ వ్యాన్‌లో ఉండే డాగ్ బాక్స్. అందులో ఏసీ ఉండదు, మీరూ ఉండరు. ఎండాకాలంలో చప్పిడి ముక్కు కుక్కని అందులో పంపొద్దు.

నేల వేడి: ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనాలా?

వెయ్యి, పదిహేను వందల్లో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ దొరుకుతుంది. ట్రిగ్గర్ నొక్కితే రోడ్డు, ఇసుక, గ్రానైట్ మెట్ల ఉపరితలం ఎంత వేడిగా ఉందో చెప్తుంది. ఎండలో తారు రోడ్డు గాలి కంటే ఇరవై, ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. చిన్న కుక్కకి ఇది రెండు రకాలుగా దెబ్బ. అరికాళ్లు కాలతాయి. పైగా దాని పొట్ట నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి నేల వేడంతా నేరుగా పొట్టకి తగులుతుంది. మీ మొహానికి తగిలే సముద్రపు గాలి ఆ ఎత్తులో అంతగా ఉండదు.

అయితే గన్ లేకపోయినా నష్టం లేదు. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచండి. మీరు ఉంచలేకపోతే కుక్క నడవలేదు. పైసా ఖర్చు లేని ఈ టెస్ట్ గన్ కంటే నమ్మకమైంది.

గన్ ఉన్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. అదే గన్‌ని కుక్క వీపు మీద పెట్టి జ్వరం చూస్తారు. అది బొచ్చు ఉపరితల ఉష్ణోగ్రత చెప్తుంది, ఒంటి లోపలిది కాదు. లోపల 41 ఉన్నా బయట 35 చూపించొచ్చు. కుక్క ఉష్ణోగ్రత తెలియాలంటే మెడికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటర్‌కి కొంచెం వ్యాసెలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాల్సిందే. టూర్‌కి ముందే ఒకసారి ఇంట్లో చూసి అలవాటు చేసుకోండి.

కూలింగ్ ప్రొడక్టులు: ఏది నిజం, ఏది మార్కెటింగ్?

కూలింగ్ జాకెట్: తడిపి వేస్తే ఆవిరవుతూ చల్లబరుస్తుంది. మళ్లీ ఎయిర్ కూలర్ సూత్రమే. హైదరాబాద్ పొడి ఎండలో పనిచేస్తుంది, తీరం తేమలో తడి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. వైజాగ్ టూర్‌కి దండగ.

జెల్ కూలింగ్ మ్యాట్: కరెంట్ అక్కర్లేదు. కుక్క పడుకుంటే ఒంటి వేడిని లాక్కుంటుంది. కానీ జెల్ ఎంత వేడి పట్టగలదో దానికి హద్దుంది. అది నిండాక మామూలు పరుపే. మళ్లీ చల్లబడాలంటే కుక్క లేచి వెళ్లాలి, గది చల్లగా ఉండాలి. ఏసీ కారులో, ఏసీ గదిలో బోనస్‌గా బాగుంటుంది. ఏసీ బదులుగా పనికిరాదు. కొరికే అలవాటున్న కుక్కపిల్లకి అసలు వద్దు.

యూఎస్‌బీ క్లిప్ ఫ్యాన్: తడిపిన ఒంటి మీద గాలి తగిలితేనే ఉపయోగం. పొడి ఒంటి మీద ఫ్యాన్ మనకిచ్చినంత హాయి కుక్కకి ఇవ్వదు, ఎందుకంటే దానికి మనలా చెమట పట్టదు. అయినా వెంట ఉంచుకోండి, ఎందుకో చివర్లో చెప్తాను.

రిసార్ట్ గది: అలర్ట్ రాలేదంటే అంతా బాగున్నట్టా?

అసలు విషయం ఇది. కైలాసగిరి ఎక్కాలి, సబ్‌మెరైన్ మ్యూజియం చూడాలి, కుక్కని గదిలో ఏసీ వేసి ఉంచి వెళ్దాం, పెట్ కెమెరా పెడదాం, ఫోన్‌లో చూస్తూ ఉండొచ్చు. వినడానికి ప్లాన్ బాగుంది. ఎక్కడెక్కడ ఫెయిల్ అవుతుందో చూడండి.

ఒకటి, చాలా హోటళ్లలో తలుపు దగ్గరి స్లాట్ నుంచి కీ కార్డ్ తీయగానే గది కరెంట్ మొత్తం ఆగిపోతుంది. మీరు లిఫ్ట్ దిగేలోపే ఏసీ ఆగి ఉంటుంది. రెండు, హోటల్ వైఫై రూమ్ నంబర్, ఓటీపీ అడిగే లాగిన్ పేజీతో వస్తుంది. ఆ పేజీని మామూలు పెట్ కెమెరా దాటలేదు. మూడు, కరెంట్ పోతే చిన్న రిసార్టుల్లో జనరేటర్ మీద లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి, ఏసీలు నడవకపోవచ్చు.

మూడోది ఇంకాస్త లోతుగా చూడాలి. కరెంట్ పోతే ఏసీ ఆగుతుంది. అదే కరెంట్‌తో నడిచే రౌటర్, కెమెరా కూడా ఆగుతాయి. అంటే గది వేడెక్కడం మొదలైన ఆ క్షణం నుంచే మీకు కబురు రావడం ఆగిపోతుంది. ఫోన్‌లో ఏ నోటిఫికేషనూ లేదు, మీరు హాయిగా ఫోటోలు దిగుతున్నారు. సర్వర్లని చూసుకునే ఉద్యోగంలో మొదటి నెలలోనే నేర్పే పాఠం ఇది. అలర్ట్ రాకపోవడం అంటే సిస్టమ్ బాగుందని కాదు, అలర్ట్ పంపేదే పడిపోయి ఉండొచ్చు. అందుకే మంచి మానిటరింగ్‌లో సర్వర్ ప్రతి నిమిషం "బతికే ఉన్నా" అని ఒక సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్ ఆగిందా, అదే అలర్ట్.

కుక్క విషయంలో ఇదే పద్ధతి పెట్టొచ్చు, ఖర్చు కూడా తక్కువ. డ్రాయర్‌లో పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీయండి. దానిలో డేటా ఉన్న సిమ్ వేసి, కెమెరాగా మార్చే యాప్ పెట్టి, పవర్ బ్యాంక్‌కి తగిలించండి. తేమ మీటర్‌ని ఆ కెమెరాకి కనిపించేలా పెట్టండి. ఇప్పుడు గది కరెంట్ పోయినా, వైఫై పోయినా మీకు అంకెలు కనిపిస్తూనే ఉంటాయి. బ్లూటూత్ సెన్సర్లు అయితే ఈ పనికి సరిపోవు, వాటి రేంజ్ గది దాటి పెద్దగా పోదు.

దీనికి తోడు మూడు షరతులు. పది నిమిషాల్లో గదికి చేరగలిగే దూరంలోనే ఉండాలి. పావుగంటకోసారి వీడియో చూడాలి. వీడియో రాకపోతే "నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది" అనుకోకుండా వెంటనే తిరిగి బయల్దేరాలి. ఈ మూడూ కుదరని ప్లాన్ అయితే, అంటే అరకు వెళ్లాలి, రోజంతా పడుతుంది అంటే, కెమెరా ఏదైనా సరే కుక్కని గదిలో వదలొద్దు. దాన్నీ తీసుకెళ్లండి, లేదా ఒకరు ఉండండి. ఎప్పుడూ ఎక్కువసేపు ఒంటరిగా వద్దు.

రూమ్ బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్నలు రెండు. "కీ కార్డ్ తీసినా ఏసీ నడుస్తుందా?", "జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా?" రిసార్ట్ పేజీలో ఉండే పెట్ ఫ్రెండ్లీ అనే మాట కంటే ఈ రెండు జవాబులు ముఖ్యం.

ట్రాకర్: ట్యాగ్ కావాలా, జీపీఎస్ కావాలా?

కొత్త ఊరు, వీధికుక్కలు, అలల చప్పుడు. చిన్న కుక్క బెదిరి పట్టీ లాక్కుని పారిపోవడానికి ఇవి చాలు. మే ఎండలో దారి తప్పిన కుక్కకి నీళ్లు, నీడ రెండూ దొరకవు కాబట్టి ట్రాకర్ విషయం కూడా వేడి విషయమే.

యాపిల్ ఎయిర్‌ట్యాగ్, శాంసంగ్ స్మార్ట్‌ట్యాగ్ లాంటివాటిలో జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల ఉన్న వేరేవాళ్ల ఫోన్లు దాని బ్లూటూత్ సిగ్నల్ పట్టుకుని చెప్తేనే లొకేషన్ వస్తుంది. సాయంత్రం ఆర్కే బీచ్ రద్దీలో బాగా పనిచేస్తుంది. తుని దగ్గర హైవే దాబా వెనక పొలాల్లోకి పారిపోతే పనిచేయడం కష్టం. ఎయిర్‌ట్యాగ్‌ని వస్తువుల కోసం చేశామని, పెంపుడు జంతువుల కోసం కాదని యాపిల్ చెప్తుంది. లోపల సీఆర్2032 బటన్ బ్యాటరీ ఉంటుంది, కుక్క కొరికి మింగితే ప్రాణాపాయం. గట్టి హోల్డర్‌లో, మెడ వెనక వైపు ఉండేలా పెట్టండి.

సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్ ఎవరి ఫోన్ అవసరం లేకుండా లొకేషన్ పంపుతుంది. కొనేముందు మూడు విషయాలు చూడండి. చవక ట్రాకర్లు చాలావరకు 2జీ మాత్రమే. జియోకి 2జీ నెట్‌వర్క్ లేదు కాబట్టి జియో సిమ్ వేస్తే పనిచేయదు. విదేశీ బ్రాండ్ అయితే లోపలి సిమ్ సర్వీస్ మన దేశంలో ఉందో లేదో అడగండి. మూడోది బరువు. 35 గ్రాముల ట్రాకర్ లాబ్రడార్‌కి లెక్కే కాదు. మూడు కిలోల కుక్కకి అది 70 కిలోల మనిషి మెడలో 800 గ్రాములు వేలాడినట్టు. కాలర్‌కి బదులు ఛాతీ హార్నెస్‌కి తగిలించండి. చప్పిడి ముక్కు కుక్కకి ఎలాగూ హార్నెస్సే మంచిది, గొంతు మీద ఒత్తిడి పడదు.

ఇవన్నీ పెట్టినా ఫోన్ నంబర్ చెక్కిన రేకు బిళ్ల ఒకటి హార్నెస్‌కి ఉండాలి. దానికి చార్జింగ్, సిగ్నల్, సబ్‌స్క్రిప్షన్ ఏవీ అక్కర్లేదు.

వడదెబ్బ తగిలితే: ముందు నీళ్లు, తర్వాత కారు

ఆగకుండా గట్టిగా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ఎర్రగా మారడం, తూలడం, వాంతులు, పిలిచినా పలకకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. ఒంటి ఉష్ణోగ్రత 40 దాటితే ప్రమాదం, 41 దాటితే ప్రాణాపాయం.

చాలామంది వెంటనే కుక్కని ఎత్తుకుని హాస్పిటల్‌కి పరిగెడతారు. బ్రిటన్ రాయల్ వెటర్నరీ కాలేజ్ 2023లో ప్రచురించిన అధ్యయనంలో, వడదెబ్బ తగిలిన కుక్కల్లో దాదాపు ఐదింట ఒక దాన్ని మాత్రమే హాస్పిటల్‌కి తెచ్చేముందు చల్లబరిచారు. వాళ్లు చెప్పేది ఒక్కటే. ముందు చల్లబరచండి, తర్వాత తీసుకెళ్లండి. ఇలా చేయండి:

1. నీడలోకి లేదా ఏసీలోకి తీసుకెళ్లండి.
2. దొరికిన నీళ్లు ఒంటి మీద పోయండి. కుక్క ఒంటి కంటే చల్లగా ఉన్న ఏ నీళ్లైనా పనికొస్తాయి. ఐస్ కోసం వెతుకుతూ టైమ్ పోగొట్టొద్దు. ముక్కు, నోట్లోకి పోకుండా చూడండి.
3. పోస్తూనే ఫ్యాన్ పెట్టండి. క్లిప్ ఫ్యాన్ వెంట ఉంచుకోమన్నది ఇందుకే.
4. తడి టవల్ చుట్టి అలా వదిలేయొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది.
5. థర్మామీటర్‌లో 39.5 దగ్గరికి రాగానే నీళ్లు పోయడం ఆపండి.
6. స్పృహ ఉంటే తాగడానికి నీళ్లు ముందు పెట్టండి, బలవంతంగా పోయొద్దు.
7. లేచి తోక ఊపినా సరే డాక్టర్‌కి చూపించండి. కిడ్నీలు, పేగులు దెబ్బతింటే ఆ లక్షణాలు గంటల తర్వాత బయటపడతాయి.

జ్వరమనుకుని పారాసిటమాల్ మాత్ర వేయొద్దు. వడదెబ్బకి అది పనిచేయదు, పైగా మన మోతాదు చిన్న కుక్కకి విషం.

మ్యాప్స్‌లో రాజమండ్రి, తుని, వైజాగ్ ఏరియాలు ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. బస చేసే చోటికి దగ్గర్లో రాత్రి కూడా ఉండే వెటర్నరీ క్లినిక్ ఏదో ముందే ఫోన్ చేసి కనుక్కుని నంబర్ సేవ్ చేసుకోండి. మ్యాప్‌లో "24 గంటలు" అని రాసి ఉంటే దాన్ని నమ్మేయకండి, కాల్ చేసి చూడండి.

ఏం కొనాలి, ఏం వదిలేయాలి?

- తప్పకుండా: తేమ మీటర్, డిజిటల్ థర్మామీటర్, క్లిప్ ఫ్యాన్, హార్నెస్, నంబర్ బిళ్ల, కారులో ఎప్పుడూ ఐదు లీటర్ల నీళ్లు.
- ఇంట్లో ఉన్నదే వాడండి: పాత ఫోన్, సిమ్, పవర్ బ్యాంక్.
- బడ్జెట్ ఉంటే: 4జీ జీపీఎస్ ట్రాకర్. తక్కువలో కావాలంటే మీ ఫోన్‌కి సరిపోయే ట్యాగ్.
- ఉంటే మంచిది: జెల్ మ్యాట్, ఇన్‌ఫ్రారెడ్ గన్.
- తీరానికి వద్దు: తడిపి వేసే కూలింగ్ జాకెట్.
- ఈ టూర్‌కి దండగ: వైఫై మీదే నడిచే పెట్ కెమెరా.

తప్పకుండా అన్న లిస్టు మొత్తం కలిపినా ఒక మంచి ఇయర్‌బడ్స్ ధర కంటే ఎక్కువ కాదు. వైజాగ్‌కే కాదు, గోవా, చెన్నై, పుదుచ్చేరి, సూర్యలంక ఎక్కడికి వెళ్లినా ఇదే కిట్ సరిపోతుంది. తేదీలు ఇంకా మీ చేతిలోనే ఉంటే మాత్రం డిసెంబర్, జనవరి చూడండి. అప్పుడు ఈ మీటర్ బ్యాగ్‌లోంచి తీయాల్సిన అవసరం కూడా పెద్దగా రాదు.